రమాకాంత్ సేటు చెరిపిన పేరు

వరంగల్ చౌరస్తా దగ్గర గిన్నెల దుకాణం నడుపుకునే మనిషికి యుద్ధవిమానాల పైలట్లు పెట్టుకునే పాత హెల్మెట్లతో ఏం పనయ్యా అని ఎవరైనా అడగొచ్చు. బజారంతా అడిగింది. భార్య సుకన్య పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టి ఇప్పటికీ అడుగుతూనే ఉంది. రమాకాంత్ సేటు నవ్వేసి గిన్నెలు సర్దుకునేవాడు. పిచ్చికి కారణాలుంటాయా? ఒకాయన పావురాలు పెంచుతాడు, ఒకాయన పొద్దంతా క్రికెట్టు చూస్తాడు, ఈయన హెల్మెట్లు పోగేశాడు. అంతే అనుకుని ఊరుకోవాలి.

మొదలు మాత్రం యాకయ్య వల్ల. యాకయ్య పాత సామాన్లు కొనే మనిషి. వాడవాడా తిరిగి పాత ఇత్తడీ రాగీ తెచ్చి రమాకాంత్ దుకాణంలో వేసి, బదులుగా కొత్త స్టీలు సామాను తీసుకుపోతాడు. ముప్పై ఏళ్ల కిందట అలా తెచ్చిన సంచిలో ఒక తోలు టోపీ వచ్చింది. చెవుల దగ్గర గుండ్రటి మూతలు, గదవ కింద పట్టీ.

"ఇదేంది యాకయ్యా?"

"ఏమో సేటు. మామునూరు దిక్కు ఒకలింట్ల దొరికింది. కోతులనాడిచ్చేటోని టోపీ కావచ్చు."

ఆ టోపీ ఆర్నెల్లు మేకుకు వేలాడింది. ఒకనాడు మిలిటరీలో పనిచేసి వచ్చిన పెద్దమనిషి కుక్కరు గాస్కెట్టు కోసం వచ్చి, దాన్ని చూసి ఆగిపోయాడు. ఇది రెండో ప్రపంచయుద్ధం నాటి పైలట్ టోపీ అనీ, ఆ గుండ్రటి మూతల్లో రేడియో మాట వినే పరికరాలు ఉండేవనీ చెప్పాడు. రెండు చేతులతో పట్టుకుని వాసన చూశాడు. గాస్కెట్టు సంగతి మరిచిపోయి వెళ్లిపోయాడు. ఆనాడు పట్టుకున్న పిచ్చి రమాకాంత్‌ను మళ్లీ వదల్లేదు.

ఇప్పుడు దుకాణం పైగదిలో, ఒకప్పుడు బిందెలు పేర్చిన చోట, చెక్క స్టాండ్ల మీద ఇరవై మూడు హెల్మెట్లున్నాయి. కొనడం ఒక ఎత్తు, గుర్తుపట్టడం ఇంకో ఎత్తు. హెల్మెట్ చేతికివ్వగానే కొత్తవాళ్లు పైడొప్ప చూస్తారు, రంగు చూస్తారు. రమాకాంత్ తిరగేసి లోపల చూస్తాడు. కుట్టుదారం నూలుదా నైలానుదా, గుండీ వెనక తుప్పు ఉందా, చెమట తాగిన తోలు ఏ చోట నల్లబడింది. గట్టి డొప్ప కింద గుడ్డ టోపీ తొడుక్కునేది ఇంగ్లండు రకం, తోలు టోపీ తొడుక్కునేది రష్యా రకం. కొత్త తోలును టీ డికాషన్‌లో నానబెట్టి పాతదని అమ్మే మహానుభావులు కూడా ఉన్నారు, ముక్కు దగ్గర పెట్టుకుంటే దొరికిపోతారు. "పైడొప్ప ఎన్నయినా చెప్తది, లోపలి కుట్టు నిజం చెప్తది" అనేవాడు రమాకాంత్.

హైదరాబాదులో, పుణెలో, బెంగళూరులో ఇలాంటి పిచ్చివాళ్లకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. రిటైరయిన ఆఫీసర్లు, డాక్టర్లు, ఒకరిద్దరు లాయర్లు. ఎవరికి ఏ టోపీ దొరికినా ఫొటో పెడతారు, రమాకాంత్ ఏం చెబితే అదే తీర్పు. ఆయన అందరికీ ఒక నీతి చెప్పేవాడు. పాత హెల్మెట్‌ను తోమకండి, కడగకండి, పాలిష్ పెట్టకండి, దాని మీద గీత కూడా దాని కథే. ఇంతా చేసి, చెప్పేటందుకే నీతులని తనే రుజువు చేశాడు.

అది ఎలా జరిగిందో చెప్పాలంటే ముందు ఒక నవ్వు సంగతి చెప్పాలి. హైదరాబాదులో ఆ గ్రూపు వాళ్లంతా మొదటిసారి కలిసినప్పుడు, ఒక డాక్టరుగారు రమాకాంత్ భుజం మీద చెయ్యేసి "మన గిన్నెల సేటు" అని అందరికీ పరిచయం చేశాడు. అందరూ నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు. రమాకాంత్ కూడా నవ్వాడు. కానీ ఇంటికొచ్చాక ఆ నవ్వు ఆయన్ని ముల్లులా పొడుస్తూనే ఉంది. తాత నాటి దుకాణం, మూడు తరాలకు అన్నం పెట్టిన దుకాణం, దాన్ని తలుచుకుని సిగ్గుపడ్డాడు మనిషి. అప్పటినుంచి ఏం చేస్తారని ఎవరైనా అడిగితే "మెటల్ బిజినెస్" అనడం మొదలుపెట్టాడు.

మూడేళ్ల కిందట యాకయ్య గోనెసంచిలో ఒక హెల్మెట్ తెచ్చాడు. "హన్మకొండల ఎవలో ఇంటికి రంగులేయిస్తాండ్రు సేటు. అటుక మీది సామానంతా ఇచ్చిండ్రు, అండ్ల గిది వచ్చింది" అన్నాడు. తెల్లటి గట్టి డొప్ప, లోపల గుడ్డ టోపీ, చెవి మూతలు, కుట్టు, అన్నీ ఉన్నవున్నట్టే ఉన్నాయి. అరవైల నాటిది. అలాంటిది గ్రూపులో ఒక్కరి దగ్గరా లేదు. రమాకాంత్ మొహం మామూలుగా పెట్టి, ఐదు లీటర్ల కుక్కరు ఇచ్చి దాన్ని తీసుకున్నాడు. కౌంటర్లో ఉన్న కూతురు దీప్తి కుక్కరు చీటీ రాసింది.

పైగదిలో వెలుతురుకు పెట్టి చూస్తే మచ్చ ఒక్కటే కనబడింది. కళ్ల ముందుండే అద్దం పైకీ కిందికీ జరిగే చోట బిగించిన అల్యూమినియం పట్టీ మీద, ఉలితో కొట్టిన చుక్కలు. చుక్కలన్నీ కలిసి తెలుగు అక్షరాలు. మన ఇళ్లలో చెంబుల మీదా పళ్లేల మీదా పేర్లు కొట్టిస్తామే, అచ్చం అలాగే.

"ఎవడో బుద్ధిలేనోడు, పైలట్ హెల్మెట్‌ను చెంబు చేసి పెట్టిండు" అని తిట్టుకున్నాడు. గిన్నెల వ్యాపారంలో ఒక పద్ధతుంది. మార్పిడికి వచ్చిన పాత గిన్నె మీద పేరుంటే మొదట దాన్ని మిషను మీద పెట్టి చెరిపేస్తారు. ఒకరి పేరున్న గిన్నెను అరలో పెట్టడమంటే ఎంగిలిది అమ్మినట్టే లెక్క. చిన్నప్పటినుంచి ఆ పని చేసిన చేతులకు ఆలోచన అక్కర్లేదు. అయినా చేతుల మీదే నేరమంతా వెయ్యడం న్యాయం కాదు. ఆ చుక్కలు చూస్తే డాక్టరుగారు ఏమంటాడో, ఎలా నవ్వుతాడో రమాకాంత్‌కు కళ్లముందే కనబడింది. హెల్మెట్ పట్టుకుని దుకాణం వెనక్కి వెళ్లి, పాలిష్ మిషను ఆన్ చేసి, పట్టీని చక్రానికి ఆనించాడు. అర నిమిషం పట్టింది. పట్టీ తళతళ మెరిసింది. ఆ మెరుపు కనబడకుండా నూనెమసి తెచ్చి రుద్దాడు చూశారూ, అక్కడే తెలిసిపోతుంది, తప్పని తెలిసే చేశాడని.

ఈ ఏడాది మొదట్లో హైదరాబాదులో ఒక ప్రదర్శన పెట్టారు. ఈ హెల్మెట్ ముందు వరసలో నిలబడింది. "ఏ మార్పూ లేని అసలు హెల్మెట్" అని కింద అట్టముక్క మీద రమాకాంత్ స్వయంగా రాశాడు. హెల్మెట్ పక్కన ఆయన నవ్వుతూ నిలబడ్డ ఫొటో పేపర్లో వచ్చింది. సుకన్య ఆ పేపరు కత్తిరించి ఫ్రేము కట్టించింది. నెల తిరక్కముందే అదే పేపరు ముక్క మడతపెట్టి పర్సులో పెట్టుకుని ఒక పెద్దావిడ దుకాణం మెట్లెక్కింది. చేతికర్ర ఊతంతో మెల్లగా ఎక్కింది.

"రమాకాంత్ గారంటే..."

"నేనే మేడం. రండ్రి, కూసోండ్రి."

"నా పేరు విజయలక్ష్మి. హన్మకొండల ఉంట. టీచర్ చేసి రిటైరైన. పేపర్ల పడ్డ ఈ టోపీ జర చూడొచ్చునా?"

హెల్మెట్లు చూడటానికి వచ్చేవాళ్లంటే రమాకాంత్‌కు ఎక్కడలేని సంబరం. పైకెళ్లి తనే తెచ్చి ఆవిడ ముందు బల్ల మీద పెట్టాడు. ఆవిడ వెంటనే ముట్టుకోలేదు. చెప్పుకొచ్చింది.

"మా అన్న రాజేశ్వర్ రావు. ఎయిర్‌ఫోర్సుల పైలట్. అరవై ఎనిమిదిల ట్రైనింగుల విమానం కూలి పోయిండు. ఇరవై నాలుగేండ్లు ఆయనకు, నాకు పదేండ్లు. ఆయన దోస్తు ఒకాయన ట్రంకు తెచ్చిచ్చిండు. బట్టలు, గడ్డం గీసుకునే సామాను, ఆయన అంతకుముందు వాడిన ఒక పాత టోపీ. అమ్మ బట్టలన్ని పంచిపెట్టింది, టోపీ మాత్రం ఎవ్వలకియ్యలే. అమ్మ పోయినంక నేను దాచుకున్న. మూడేండ్ల కింద మోకాలు ఆపరేషనుకు నేను దవాఖానల ఉంటే, మా అక్క కొడుకు భరత్ ఇంటికి రంగులేయిస్తా అని అటుక మీదియన్ని పాతసామానాయనకు ఇచ్చిండు. బండి హెల్మెట్ అనుకున్నడట. వానితోని ఆర్నెల్లు మాట్లాడలే నేను."

ఆవిడ పర్సులోంచి పేపరు ముక్క తీసి బల్ల మీద పెట్టింది.

"పేపర్ల చూడంగనే మాదే అనిపించింది. మాదైతే ఈ పట్టీ మీద అన్న పేరుంటది. అమ్మ కొట్టిచ్చింది, చుక్కలు చుక్కలుగ. జర చూపెట్టుండ్రి."

పేరు ఉండేదని ఒప్పుకుంటే హెల్మెట్ పోతుంది. దానితోపాటు పేపర్లో పడ్డ పరువూ, అట్టముక్క మీద రాసిన మాటా, ఇన్నేళ్లుగా గ్రూపులో సంపాదించుకున్న పేరూ పోతాయి. లేదంటే ఈ ముసలావిడకు అన్న వస్తువు ఈ జన్మలో దొరకదు. రెండూ రమాకాంత్‌కు స్పష్టంగా తెలుసు. ఎంచుకోవడానికి పేరు చెరిపినంత సేపు కూడా పట్టలేదు.

"లేదు మేడం. ఇది నాకు బొంబాయి నుంచి వచ్చింది. వచ్చిన కాడ్నుంచి ఇట్లనే ఉన్నది."

టీచరమ్మ కళ్లద్దాలు తీసి, పట్టీ మీద బొటనవేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు రాసి చూసింది. ఇంకోసారి చూసింది. తర్వాత హెల్మెట్‌ను ఆయన వైపు జరిపింది.

"మీరు చెప్పినంక ఇంకేమున్నది. మీకు తెల్వని టోపీ లేదని పేపర్ల రాసిండ్రు. ఊకెనే అనుమానపడి మీ టైం ఖరాబు చేసిన, ఏమనుకోకుండ్రి" అని రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. వట్టి చేతులతో పోతే బాగుండదనుకుందో ఏమో, టీ వడగట్టే జాలి ఒకటి కొనుక్కుంది. ఎక్కడైనా అలాంటి హెల్మెట్ కనబడితే చెప్పమని దీప్తికి తన ఇంటి గుర్తు, ఫోను నంబరు ఇచ్చింది. మెట్లు దిగేటప్పుడు దీప్తే వెళ్లి చెయ్యి పట్టుకుంది.

తిరిగొచ్చి తండ్రి ఎదుట నిలబడింది.

"డాడీ, అది యాకయ్య మామ తెచ్చింది కదా? కుక్కర్ చీటీ నేనే రాసిన."

"నీకెందుకు? నీ పని నువ్వు చూస్కో."

దీప్తి మరో మాట అనలేదు. అంటే ఎంత బాగుండేది! ప్రతి ఆదివారం పైగదిలో హెల్మెట్ల దుమ్ము దులిపే పిల్ల, ఆ ఆదివారం పైకి పోలేదు. రమాకాంత్ అడగలేదు. తేలు కుట్టిన దొంగకు అడిగే నోరెక్కడుంటుంది?

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో ఆయనకే తెలియాలి. పెద్దావిడ తనకు దండం పెట్టిందన్న సంగతి అన్నం ముందు కూర్చుంటే గుర్తొచ్చేది, అద్దం ముందు గడ్డం గీసుకుంటుంటే గుర్తొచ్చేది. తిట్టి ఉంటే తట్టుకునేవాడు, పోలీసుల దగ్గరకు పోతానంటే వాదించేవాడు. క్షమించమని అడిగి పోయింది! ఆ సిగ్గును మింగలేకా కక్కలేకా తిరిగాడు. గ్రూపులో ఎవరో తుప్పు పట్టిన టోపీ ఫొటో పెట్టి, శుభ్రం చెయ్యొచ్చా అని ఈయన్ని అడిగారు. చూసి కూడా చూడనట్టు ఫోను పక్కన పెట్టాడు. "బీపీ చూపించుకోరాదుండ్రి" అంది సుకన్య. బీపీ చూపించుకున్నాడు కూడా. సరిగానే ఉంది, అదో బాధ.

ఒకరోజు ఒక తల్లి కూతురి పెళ్లి సామాను కొంది. అన్నిటి మీదా పేరు కొట్టించుకుంటూ, "ఈ పేరు ఎన్నటికి పోదు కదా సేటు?" అని అడిగింది. దుకాణంలో రోజూ ఎవరో ఒకరు అడిగే మాటే. "పోదమ్మా, నీ మనుమలు గూడ చదువుకుంటరు" అని నలభై ఏళ్లుగా అలవాటుగా చెప్పే జవాబే. ఆ రోజు రాలేదు. పేర్లు కొట్టే మిషను పక్కన పెట్టాడు. "దీప్తీ, జర నువ్వు కొట్టు బిడ్డా" అని లేచి వెనక్కి వెళ్లిపోయాడు. పాలిష్ మిషను పక్కన స్టూలు మీద కూర్చుని ఏడ్చాడు. యాభై ఏడేళ్ల మనిషి.

మర్నాడు పొద్దున హెల్మెట్‌ను గుడ్డసంచిలో పెట్టి కిందికి తెచ్చాడు. దీప్తి అడక్కుండానే టీచరమ్మ ఇంటి గుర్తు రాసిన కాగితం తీసిచ్చింది.

"నేను గూడ వస్త డాడీ."

"వద్దు బిడ్డా. నేనొక్కన్నే పోత."

మనిషి ఒకసారి అబద్ధం మరిగాక నిజం చెప్పడానికి పోతూ కూడా దారిలో ఇంకో అబద్ధం వండుకుంటాడు. స్కూటరు మీద హన్మకొండ పోతూ రమాకాంత్ అదే చేశాడు. మళ్లీ భూతద్దం పెట్టి చూశాను, అరిగిపోయిన చుక్కల ఆనవాళ్లు దొరికాయి, ఇది మీదే అని చెబితే సరిపోతుంది కదా! హెల్మెట్ ఆవిడకు చేరుతుంది, తన పరువూ నిలుస్తుంది. ఇంకా చెప్పాలంటే పరువు పెరుగుతుంది. ఆవిడ ఉండే నక్కలగుట్ట దాకా ఆ మాటలే మనసులో వల్లెవేసుకున్నాడు.

టీచరమ్మ తలుపు తీసి కంగారుపడింది. "అయ్యో, మీరెందుకొచ్చిండ్రు సేటు గారూ. ఫోన్ చేస్తే నేనే వద్దును కదా." కుర్చీ చూపించి ఫ్యాను వేసింది. రమాకాంత్ హెల్మెట్ తీసి టీపాయి మీద పెట్టాడు.

"మేడం, నేను మళ్ల భూతద్దం పెట్టి చూసిన..."

ఆ మాటకే ఆవిడ మొహం విప్పారింది. పదేళ్ల పిల్ల మొహమైపోయింది. ఆ మొహం ఎదురుగా ఉండగా వండుకొచ్చిన అబద్ధాన్ని అక్కడే వదిలేశాడు.

"భూతద్దం లేదు, ఏం లేదు. అబద్ధం చెప్పవోయిన" అన్నాడు తల వంచుకుని. "ఇది మీదే అక్కా. యాకయ్య అని పాతసామానాయన తెచ్చిండు. బొంబాయి ముచ్చట అబద్ధం. పేరు ఉండె. నేనే చెరిపిన. మిషను మీద పెట్టి చెరిపిన."

ఆవిడ హెల్మెట్ మీది పట్టీ వైపు చూసింది.

"ఎందుకు చెరిపినవు?"

"గిన్నె మీద కొట్టినట్టు ఉన్నదని. హైదరాబాదోళ్లు చూస్తే నవ్వుతరని."

"చెరిపే ముందు చదివినవా?"

చదివాను అంటే ఆవిడకు కొంత ఊరట అని రమాకాంత్‌కు తెలుసు. ఒక్క మాట, ఎవరూ పట్టుకోలేని మాట. తలెత్తకుండానే చెప్పాడు. "చదువలే అక్కా. తెలుగు అక్షరాలని చూసిన, అంతే."

"చదివితే ఎరుకపట్టేటోనివి" అని టీచరమ్మ కర్ర పట్టుకుని లేచి లోపలికి వెళ్లింది. తన మొహం చూడలేక వెళ్లిందనుకున్నాడు. లేచి పోదామా అనుకున్నాడు. అంతలో ఆవిడ మంచినీళ్లు తెచ్చి ఆయన చేతికిచ్చింది. పాత ఇత్తడి గ్లాసు. దాని మీద చుక్కల అక్షరాలు, పేరు చివర ముగ్గులో పెట్టినట్టు మూడు చుక్కలు.

ఆ మూడు చుక్కలు రమాకాంత్‌కు ఒకరు చెప్పనక్కర్లేదు. వరంగల్ బజారులో పేరు చివర అలా మూడు చుక్కలు పెట్టిన మనిషి ఒక్కడే. ఆయన తండ్రి నర్సయ్య. దుకాణం గల్లా వెనక కూర్చుని, ఉలీ సుత్తీ పట్టుకుని, పేరు పూర్తయ్యాక ప్రతిసారీ ఆ మూడు దెబ్బలు వేసేవాడు.

"అన్న దినాలకు పంచనీకె గ్లాసులు మీ దుకాణంలనే తీసుకున్నం" అంది టీచరమ్మ. "అమ్మతోని నేను గూడ వచ్చిన. నువ్వప్పుడు మీ అమ్మ ఒడిల ఉన్నవు. మీ నాయిన అన్ని గ్లాసుల మీద అన్న పేరు కొట్టిండు. ఆఖరుకు అమ్మ సంచిలకెల్లి టోపీ తీసి, దీని మీద గూడ కొట్టు నర్సయ్యా అన్నది. ఆయన రెండు సార్లు సుత్తి ఎత్తి కిందవెట్టిండు. దీన్ని చెంబు లెక్క ఎట్ల కొడుదునమ్మా అని ఏడ్చిండు. నా కొడుకు పేరు నాకు చేతికి తగలాలె, కొట్టు అన్నది అమ్మ. అప్పుడు కొట్టిండు. అమ్మకు చదువు రాదు. వేలు పెట్టి తడుముకునేది, అంతే."

బుద్ధిలేనోడు అని ఆనాడు తిట్టింది ఎవరినో రమాకాంత్‌కు ఇప్పుడు తెలిసింది. ఏ కుట్టు ఏ దేశానిదో వాసన చూసి చెప్పే మనిషి, కన్నతండ్రి చేతిరాతను చక్రానికి ఆనించాడు. భూమి చీలితే బాగుండునని మాటవరసకు అంటుంటాం. ఆయన నిజంగానే కాళ్ల కింది గచ్చు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"మొన్న మీ దుకాణం అని తెల్సినంక సంబరపడుకుంట వచ్చిన" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ కోసింది. "నర్సయ్య కొడుకు కదా, నిజమే చెప్తడనుకున్న."

"నేను నీళ్లు తాగేందుకు గూడ తగను అక్కా" అన్నాడు రమాకాంత్.

టీచరమ్మ హెల్మెట్‌ను దగ్గరకు తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. నున్నగా అయిపోయిన పట్టీ మీద బొటనవేలు పెట్టి, అక్కడే ఉంచింది.

"తర్వాత తాగుదువు. ముందు ఆ గ్లాసు మీద ఏమున్నదో ఇప్పుడన్న చదువు. నేను వింట."

రమాకాంత్ గ్లాసును వెలుతురు వైపు తిప్పాడు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, పైకి వినబడేలా చదివాడు.